నాగార్జునకొండ నుండి జపాను వరకు

పల్నాటి సీమలో, మాచర్లకు చేరువగా, కృష్ణానది నడుమ నాగార్జునకొండ కలదు. నేడది చుట్టును నీరు గల ద్వీపము. క్రీస్తుశకము 3వ శతాబ్దమున దాని దిగువ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి విలసిల్లెను. సింహళ భిక్షువులకై ఇచట విహారముండెను. ఉపాసిక బోధిశ్రీ శాసనములో చీనాదేశపు పేరు కూడ కానవచ్చును.

ఈ కొండకు ఆచార్య నాగార్జునుని వలన పేరు వచ్చెనని ప్రతీతి. ఆయన ఇచట నివసించెననుటకు గట్టి ఆధారము లేదు. ఆయన బోధ మాత్రము ఖండాంతరములకు వ్యాపించెను. అదియే శూన్యవాదము. శూన్యమనగా ఏమియు లేదనుట కాదు. ఏ వస్తువును తనంతట తాను నిలువదు. ఇతరముల నాశ్రయించియే యుండును. కుండకు మన్ను, నీరు, కుమ్మరి చేయి అన్నియు కావలెను గదా!

409లో కుమారజీవుడు ఆయన కారికలను చీనా భాషలోనికి అనువదించెను. ‘ధ్యానము’ అను మాట చీనాలో ‘చాన్’, జపానులో ‘జెన్’ అయ్యెను. జెన్ గురుపరంపరలో నాగార్జునుడు పదునాల్గవవాడు.

జపాను కళాకారులు ఈ భావమును కంటికి కనబడునట్లు చేసిరి. క్యోటో నగరమందలి ర్యోఆంజి ఆలయపు తోటలో పూలు లేవు, నీరు లేదు. తెల్లని గులకరాళ్ల నడుమ 15 బండలు మాత్రమున్నవి. అరుగుపై ఎచట కూర్చున్నను ఒక బండ మరుగుననే యుండును. సెస్షూ అను చిత్రకారుడు (1420–1506) నల్లసిరాతో కొండలు గీసి, కాగితమున కొంత ఖాళీ విడిచెడివాడు. ఆ ఖాళీయే చూపరులకు మంచువలె తోచును.

ఆ దేశపు చిత్రకళ పిమ్మట మన దేశమునకు వచ్చెను. 1902లో ఒకకురా, 1903లో ఆయన శిష్యులు తైకాన్, షున్‌సో కలకత్తా చేరిరి. వారు రంగును నీటితో పలుచగా పరచుట చూచి అవనీంద్రనాథ ఠాకూరు ‘వాష్’ పద్ధతిని రూపొందించెను. ఆ వంగ సంప్రదాయమునకు చెందిన ప్రమోదకుమార చటర్జీ బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో చిత్రకళ నేర్పెను. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే.

1954 నుండి 1960 వరకు విజయపురిలో విస్తారముగా త్రవ్వకములు జరిగెను. ముఖ్య కట్టడములు కొన్ని కొండపైకి తరలింపబడెను. తక్కిన లోయ నాగార్జునసాగరమున మునిగెను. ఆ నీరే కుడికాలువ వెంట పారి పల్నాటి పొలములను తడుపుచున్నది. పైరు నీటి నాశ్రయించినది. నీరు మునిగిన లోయ నాశ్రయించినది. ఆచార్యుని మాటకు వేరొక దృష్టాంతమేల?