థర్డ్ క్లాస్ డిగ్రీ చేతికొచ్చిన మేనల్లుడికి

కొల్లేటికోట.



అక్క ఫోనులో చెప్పిన సంగతి విన్నాక ఈ ఉత్తరం. బీఎస్సీ అయింది, జువాలజీ, కెమిస్ట్రీ గట్టెక్కాయి, మొత్తం మీద వచ్చింది మాత్రం థర్డ్ క్లాస్. కుర్రాడు ఏలూరు గదిలోంచి బయటికి రావడం లేదట. తాడేపల్లిగూడెం నిట్‌లో చదువుతున్న పెదనాన్న కొడుకు ఫోన్ చేసినా ఎత్తడం లేదట. మామయ్యకు కోపం లేదు. మూడేళ్ల చదువు ఎక్కడ చెడిందో ఆరా తీసే ఉద్దేశమూ లేదు. వచ్చిన మార్కులతో ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు, అంతవరకే ఈ ఉత్తరం.

ముందుగా మన భీమవరం మనిషి సంగతి. యల్లాప్రగడ సుబ్బారావు గారు అక్కడ 1895లో పుట్టారు. ఆయన కనిపెట్టిన మందుల గురించి పిల్లలు చదువుకుంటారు గానీ, ఆయన పట్టా గురించి ఎవరూ చెప్పరు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో గాంధీ గారి పిలుపు విని ఖద్దరు తొడిగితే, సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. పరీక్షలు బాగా రాసినా పూర్తి ఎంబీబీఎస్ దక్కలేదు. అంతకంటే తక్కువ స్థాయిదైన ఎల్ఎంఎస్ పట్టా ఇచ్చి పంపారు. దానితో మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగం రాలేదు.

అప్పుడాయన ఆ పట్టాకు ఎక్కడ చోటుందో అక్కడ చేరారు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పారు. 1922లో మామగారి ఆర్థిక సాయంతో బోస్టన్ వెళ్లి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సు చదివారు. ఖర్చులకు ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. ఆ తర్వాత సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో చోటు సంపాదించారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని ఆ ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. ఇప్పటికీ దాన్ని ఫిస్కే, సుబ్బారావు పద్ధతి అనే అంటారు. ఆ పద్ధతి వాడిన ఏ శాస్త్రవేత్తా సుబ్బారావు గారి డిగ్రీ ఏ స్థాయిదని అడిగి ఉండడు. 1940లో ఆయన లెడర్లే సంస్థకు మారాక, ఆయన నడిపిన బృందాల నుంచి ఫోలిక్ యాసిడ్ తయారీ, కాన్సరుకు వాడే మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్, హెట్రజాన్ వచ్చాయి. గోదావరి జిల్లాల్లో బోదకాలు రాకుండా ఇంటింటికీ వచ్చి మింగించిన డీఈసీ మాత్ర ఆ హెట్రజానే.

అంతటి మేధస్సు అందరికీ ఉండదు, మేనల్లుడికి ఉందని మామయ్య అనడం లేదు. కానీ ఆయన అడుగులు వేసిన వరుస ఎవరైనా నేర్చుకోవచ్చు. తక్కువ పట్టాకు ఏ తలుపు మూసి ఉందో చూసుకున్నారు, తెరిచిన దాంట్లో దూరారు, ఆ తర్వాత పనిని పనిగా కొలిచే చోటికి చేరారు.

మూసి ఉన్న తలుపుల మీద అంకెలు స్పష్టంగానే రాసి ఉంటాయి. 40 దాటి 50 లోపు వస్తే మనవైపు థర్డ్ క్లాస్ అంటారు. ఐసెట్ రాసి ఎంబీఏ, ఎంసీఏ చేరాలంటే డిగ్రీలో 50 శాతం కావాలి, రిజర్వేషన్ వర్గాలకు 45. బీఈడీకి మామూలుగా 50. మూడేళ్ల లా కోర్సుకు బార్ కౌన్సిల్ పెట్టిన హద్దు 45, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40. రిజర్వ్ బ్యాంకు గ్రేడ్ బి అధికారికి 60, అదే బ్యాంకులో అసిస్టెంటుకు 50. అందుకని మెమో ఎదురుగా పెట్టుకుని శాతం ఎంతో రెండు దశాంశాల వరకు లెక్క కట్టాలి. 44 వచ్చినవాడికీ 46 వచ్చినవాడికీ పేరు ఒకటే, థర్డ్ క్లాసే. తలుపులు మాత్రం వేరు. 49.9 వస్తే 50 అని రాసేయడం కుదరదు. 59.99 శాతాన్ని 60 కంటే తక్కువగానే చూస్తామని బ్యాంకు నియామకాల సంస్థ ఐబీపీఎస్ నోటిఫికేషన్లలోనే ఉంటుంది. అంత అంచుమీద ఆగిపోతే ఇంప్రూవ్‌మెంట్ రాసే వీలుందా, గడువెప్పుడు అని కాలేజీ పరీక్షల విభాగంలో అడగాలి. ఆ పని ఈ వారంలోనే జరగాలి, గడువు దాటితే ఎవరూ ఏమీ చేయలేరు.

తెరిచి ఉన్నవి చాలామంది అనుకునేదానికంటే ఎక్కువే. యూపీఎస్సీ సివిల్ సర్వీసెస్‌కు, ఏపీపీఎస్సీ గ్రూప్ 2కు, ఎస్ఎస్సీ సీజీఎల్‌లో ఎక్కువ పోస్టులకు, ఐబీపీఎస్ పీఓకు డిగ్రీ ఉంటే చాలు, శాతం హద్దు లేదు. శ్రీకాకుళం జిల్లా పారసాంబకు చెందిన రోణంకి గోపాలకృష్ణ ప్రభుత్వ బడిలో పంతులుగా పనిచేస్తూ ఆంధ్ర విశ్వవిద్యాలయం దూరవిద్యలో డిగ్రీ చేశారు. 2016 సివిల్స్‌లో దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు, ఆప్షనల్‌గా తెలుగు సాహిత్యమే తీసుకున్నారు. ఆయనది థర్డ్ క్లాస్ కథ కాదు. కాకపోతే పేరున్న కాలేజీ ముద్ర లేని డిగ్రీ కూడా ఆ పరీక్ష హాలు దాకా తీసుకెళ్తుందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మామయ్య మనసులో ఉన్నది మాత్రం గ్రామీణ బ్యాంకు. ఆ పరీక్ష 2019 నుంచి తెలుగులోనూ రాయనిస్తున్నారు. రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నీ 2025 మే 1న కలిసిపోయి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. అక్కడ ఆఫీసర్ పోస్టుకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది, స్థానిక భాష రావాలి. చెరువుకు ఎంత మేత పడుతుందో, లీజు ఎంత నడుస్తోందో, పట్టుబడి ఎప్పుడు చేస్తారో చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన కుర్రాడు ఆక్వా రైతుకు అప్పు రాసే బల్ల వెనక కూర్చుంటే, అటు రైతుకూ మేలు, ఇటు బ్యాంకుకూ మేలు.

పైచదువు మీద మనసుంటే ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చాలా ఎంఏ కోర్సులకు డిగ్రీ పాసైతే చాలు. దూరవిద్య అంటే తెలుగువాళ్లు చిన్నచూపు చూడాల్సిన పనే లేదు, దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన గడ్డమీదే పుట్టింది. కాలేజీ లెక్చరర్లు కావాలనుకునేవారు రాసే నెట్ పరీక్ష అడిగేది పీజీ మార్కులనే, 55 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 50. డిగ్రీలో పోయినదాన్ని పీజీలో సంపాదించుకోవచ్చు.

ఇక ఇంటి ముంగిట ఉన్న పని. కైకలూరు, ఆకివీడు, భీమవరం దారిలో నీటి పరీక్ష ల్యాబులు కనిపిస్తూనే ఉంటాయి. సీసాలో చెరువు నీళ్లు తెచ్చిన రైతుకు పీహెచ్, అమ్మోనియా, నైట్రైటు, కాఠిన్యం చూసి చెప్పేది అక్కడ పనిచేసే కుర్రాళ్లే. మబ్బు పట్టిన రాత్రి తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు పడిపోయి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు ఏరేటరు వేయాలా, నీరు మార్చాలా అన్నది గంటలోపు తేల్చకపోతే రైతు పంట పోతుంది. ఎగుమతికి వెళ్లే రొయ్యలో క్లోరాంఫెనికాల్ లాంటి నిషిద్ధ మందుల జాడ దొరికితే సరుకు వెనక్కి వస్తుంది. ఇదంతా మేనల్లుడు చదివిన కెమిస్ట్రీ, జువాలజీయే. పరీక్ష హాల్లో కుదరనిది చెరువు గట్టున కుదరవచ్చు. ఉండిలో మత్స్య పరిశోధనా స్థానం ఉంది, నరసాపురం దగ్గర ఏపీ ఫిషరీస్ విశ్వవిద్యాలయం ఉంది. శిక్షణల కోసం రెండుచోట్లా వాకబు చేయాలి. ఒక ఏడాది ల్యాబులో చేసి, ఏ చెరువులో ఏం తేడా చూశాడో, ఏం సలహా ఇచ్చాడో, ఏం జరిగిందో తేదీలతో పుస్తకంలో రాసుకుంటే, మేత కంపెనీలోనో హేచరీలోనో ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు చూపించడానికి మెమో కంటే బలమైన కాగితం అదే అవుతుంది. ఆ ఏడాది జీతం తక్కువే ఉంటుంది, ఆ సంగతి అక్కకు మామయ్యే చెబుతాడు.

సొంత వ్యాపారం ఊహ ఉంటే పీఎంఈజీపీ పథకం ఉంది. పది లక్షలు దాటిన తయారీ యూనిట్‌కు కూడా అది అడిగే చదువు ఎనిమిదో తరగతి. పల్లెలో పెట్టే యూనిట్‌కు సబ్సిడీ 25 శాతం, ప్రత్యేక వర్గాలకు 35. చేపల రంగానికి 2020లో మొదలైన మత్స్య సంపద యోజనలో మామూలు వర్గానికి 40, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం దాకా సాయం ఉంది. ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా. కొల్లేరు సరస్సులో ఐదో కాంటూరు హద్దు లోపల చెరువు తవ్వుదామని ఎవరైనా వాటా చూపిస్తే దగ్గరికి కూడా పోకూడదు. 1999 నుంచి అది అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడినేల. 2006లో అక్కడి చెరువు గట్లు పేల్చివేసినప్పుడు ఎన్ని కుటుంబాలు అప్పుల్లో మిగిలాయో ఈ ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు.

విదేశాల సంగతి కూడా అక్క ఎత్తింది. శాతం తక్కువైనా ఫరవాలేదు, సీటు మాది పూచీ అనే కన్సల్టెన్సీల మాట నమ్మి ఇల్లు తాకట్టు పెట్టే ఆలోచన మానుకోవాలి. కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద 2011లో దాడి జరిగితే చిక్కుకున్న వందల మందిలో ఎక్కువమంది మన ఆంధ్ర పిల్లలే. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అమెరికా అధికారులే వల పన్నారు. 2019 జనవరిలో పట్టుబడ్డ 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వారిలో తెలుగువాళ్లు చాలామంది. అలాగని బయటి ప్రపంచం మొత్తం మార్కులకే కట్టుబడి లేదు. బ్రిటన్‌లో పెద్ద ఆడిటింగ్ సంస్థలైన ఈవై 2015లో, పీడబ్ల్యూసీ 2022లో డిగ్రీ క్లాసు హద్దును కొత్త ఉద్యోగుల ఎంపిక నుంచి తీసేశాయి. నాలుగేళ్లు ఇక్కడ పనిచేసి, సొంత డబ్బుతో, నిజమైన కాగితాలతో వెళ్లేవాడిని మామయ్య ఆపడు.

మార్కులు దిద్దిన సర్టిఫికెట్ ఇస్తామని హైదరాబాదులో మనుషులుంటారు. దాని గురించి వాదనే లేదు. ఉద్యోగం వచ్చిన పదేళ్ల తర్వాత కూడా వెరిఫికేషన్‌లో బయటపడుతుంది, ఉద్యోగం పోయి కేసు మిగులుతుంది. ఇంటర్వ్యూలో క్లాస్ ఏమిటని అడిగితే థర్డ్ క్లాస్ అని కళ్లలోకి చూసి చెప్పి, ఆ తర్వాత ఏం చేశాడో చెప్పాలి.

ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతరకు అందరూ వస్తారు, కానీ అప్పటిదాకా ఆగనక్కర్లేదు. ఈ ఆదివారమే ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో జిరాక్సులు తీసుకుని రావాలి, ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచాలి. సోమవారం పొద్దున్నే ఇద్దరం కైకలూరు వెళ్లి తెలిసిన ల్యాబుల్లో మాట్లాడి వద్దాం. గ్రామీణ బ్యాంకు పరీక్ష పుస్తకాలు మామయ్య ఏలూరులో కొని ఉంచాడు. అత్తయ్య కొరమీను పులుసు పెడతానంది.

ఇట్లు,
మేనమామ