ప్యాడ్లు కొనే ముందు డిస్క్ చూడు

అల్లుడా,

నువ్వు పంపిన మూడు ప్యాడ్ల ఫొటోలు చూసిన. ఇందుల ఏది కొనాలె మామా అని అడిగినవ్. ఇప్పుడే ఏదీ కొనకు. స్పేర్ పార్ట్స్ దుకాణం నడిపేటోడే కొనద్దంటున్నడేందని నవ్వుకుంటవేమో, నవ్వుకో. ముందు బ్రేకు పట్టంగనే లివర్ వేళ్లను తన్నుతున్నదన్నవ్, స్పీడు తగ్గిన కొద్దీ ఆ తన్నుడు కూడ నిదానమైతున్నదన్నవ్. ఆ రోగం ప్యాడ్లల్ల పుట్టుడు తక్కువ. ఇదే కంప్లెయింటుతోటి వచ్చి, మెకానిక్ చెప్పిండని ఉట్టి ప్యాడ్లు మార్చుకొని పోయినోళ్లు కొన్నొద్దులకు మళ్ల దుకాణం ముందట నిలవడుతరు, ప్యాడ్లు మంచియి ఇయ్యలేదని నా మీదికే వస్తరు.

ఫోన్ల చెప్తే సగం నీ చెవుల పడది, అందుకే కాయితం మీద పెడుతున్న. ఇంకో కారణం కూడ ఉన్నది. చివర్ల నువ్వొక మాట అన్నవ్: ముందు బ్రేకు ముట్టుకుంట లేను, ఎనక బ్రేకుతోనే నెట్టుకొస్తున్న అని. ఆ మాట ఇన్నప్పటి సంది నాకు మనసున పడ్తలేదు.

ముందు బ్రేకు అంటే మన ఇండ్లల్ల భయం పాతదే. మేం రాజ్‌దూత్, చేతక్, లూనాల మీద నేర్చుకున్నోళ్లం. ముందు డ్రమ్ము బ్రేకు వైరు సాగిపోయి ఉండేది, పట్టినా పట్టనట్టే. ఎనక బ్రేకే దిక్కు. 1999ల సీబీజెడ్, 2001ల పల్సర్ దిగినంక ముందు చక్రానికి డిస్క్ వచ్చింది. పాత వైరు బ్రేకు గుంజినట్టే దీన్ని గూడ గుప్పిటతోటి గుంజి, ఇసుక మీద పడ్డోళ్లు పడ్డరు. అప్పటి సంది ముందు బ్రేకు పడితే పల్టీ కొడ్తవనే మాట ఇంకింత గట్టిపడ్డది. మీ అమ్మ నీకు అదే చెప్పి ఉంటది. మా అక్క మాట నేను ఎన్నడూ తీసెయ్య, గాని ఈ ఒక్క ముచ్చట్ల మాత్రం ఒప్పుకోను. బ్రేకు పట్టంగనే బండి బరువు, నీ బరువు ముందుకు ఒరుగుతయి. ముందు టైరు రోడ్డుకు అదుముకుంటది, ఎనక టైరు తేలికైతది. తేలికైన టైరుకు ఎంత తొక్కినా అది జారుతది గాని ఆగది. ఎండిన రోడ్డు మీద గట్టిగ ఆగాలంటే ముప్పాతిక పని ముందు చక్రానిదే.

నువ్వు వచ్చే తొవ్వ నాకు ఎరికే. సిరిసిల్ల నుంచి వేములవాడ, చందుర్తి, రుద్రంగి, కథలాపూర్ మీదికెళ్లి కోరుట్ల, అక్కడి నుంచి 63వ నంబర్ హైవే. కోతల కాలంల సగం రోడ్డు మీద వడ్లో, మక్కలో ఆరబోసి ఉంటయి. పొద్దుగూకినంక కుప్పల మీద నల్లటి టార్పాలిన్, దాని చుట్టు రాళ్లు. ఎదురుంగ లారీ లైటు కొడుతున్నప్పుడు ఆ రాయి కండ్లకు ఆనదు. అసుంటి కాడ ఎనక బ్రేకు ఒక్కటే తొక్కితే ఏమైతదో నీకు చెప్పుడెందుకు.

ఇగ రోగం ముచ్చటకు వస్త. ముందుగల్ల ఒకటి తేల్చుకో. నీది 150 సీసీ బండి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికి ఏబీఎస్ ఉండాల్నని రూలు వచ్చింది. నీ బండికి అది ఉంటే, ఇసుక మీదనో వడ్ల మీదనో గట్టిగ బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకోకుంట అది పట్టి ఇడుస్తది. అప్పుడు లివర్ సన్నగ, జల్దీ జల్దీ గిలగిలలాడుతది. అది రోగం కాదు, ఆ యంత్రం చేసే పనే అది. నువ్వు చెప్పింది వేరే. మామూలు రోడ్డు మీద, మెల్లగ పట్టినా తన్నుతున్నదంటివి. మన 17 ఇంచుల చక్రం ఒక్క చుట్టు తిరిగితే రమారమి 1.85 మీటర్లు పోతది. 40 కిలోమీటర్ల స్పీడుల సెకనుకు ఆరు చుట్లు, 20ల మూడు చుట్లు. నీ వేళ్లకు తగిలే తన్నుడు కూడ అదే లెక్కల తగ్గుతున్నదంటే, చక్రంతోటి తిరిగేదేదో సమంగ లేదన్నట్టు.

అట్ల తిరిగేది డిస్క్. దాని మందం చుట్టూత ఒక్క తీరుగ ఉండాలె. ఒక కాడ రవ్వంత ఎక్కువుంటే, ఆ జాగ ప్యాడ్ల నడుమకు వచ్చినప్పుడల్లా పిస్టన్ను ఎనకకు నూకుతది. పిస్టన్ బ్రేక్ ఆయిల్‌ను నూకుతది, ఆయిల్ లివర్‌ను నూకుతది. ఎంట్రుక మందం కన్న తక్కువ తేడా ఉన్నా వేళ్లకు తెలుస్తది. డిస్క్ పక్కకు ఒంగుడు వేరే సంగతి. మన బండ్లల్ల ప్యాడ్లను పట్టుకునే జారే క్యాలిపర్ పిన్నుల మీద అటిటు కదిలి కొంత ఒంపును తనే సర్దుకుంటది. పిన్నులు మట్టి పట్టి బిగుసుకుపోతే మాత్రం ఆ ఒంపు కూడ తిన్నగ లివర్‌కే వస్తది.

నీ బండి మీద నాకున్న అనుమానం చెప్పనా? అది దుబాయి పోయిన పిలగానిది. అతను పోయినంక రెండు వానకాలాలు వాకిట్ల కవరు కింద ఉన్నదని నువ్వే అన్నవ్. మన దిక్కు ఇసుంటి బండ్లు ఇంటికొకటి ఉంటయి. పిలగాడు గల్ఫ్‌ల, బండి వాకిట్ల. కొనేటప్పుడు కిక్ కొట్టి, ఇంజన్ సప్పుడు ఇని, టైర్లు చూసి తీసుకుంటం, బ్రేకు దిక్కు ఎవ్వలు చూడరు. నిలవడ్డ బండిల ప్యాడ్లు ఒక్కటే జాగల డిస్క్‌ను అంటుకోని ఉంటయి. తేమకు ఆ జాగల ప్యాడ్ అచ్చు పడుతది. పిన్నులు బిగుస్తయి. బ్రేక్ ఆయిల్ గాలిల తేమను గుంజుకుంటది. డాట్ 4 ఆయిల్ కొత్తది 230 డిగ్రీల దాక మరగది, నీళ్లు గుంజినంక 155 దగ్గర్నే మరుగుతది. కాబట్టి తన్నుడు ఆగినా ఆగకపోయినా ఆ ఆయిల్ మార్పియ్యాల్సిందే.

ఇంకో అనుమానం పంక్చర్ దుకాణాల మీద. చక్రం ఇప్పి, డిస్క్ ఉన్న దిక్కు నేలకు పెట్టి, టైరు ఊడదీయనీకి పైకెక్కి తొక్కుతరు. నాలుగు మిల్లీమీటర్ల రేకు మనిషి బరువును ఎట్ల ఆపుతది? పంక్చర్ చేపిచ్చేటప్పుడు నిలవడి, డిస్క్ పైకి పెట్టమని చెప్పు. గులుగుతరు, గులగనియ్.

మూడో కారణం వేడి. కొండగట్టు గుట్ట దిగేటప్పుడో, హైవే మీద గట్టిగ ఆగినప్పుడో డిస్క్ కాలిపోయి ఉంటది. అప్పుడు లివర్ అట్లనే పట్టుకొని నిలవడితే, ప్యాడ్ మసాలా ఆ ఒక్క జాగల మాడిన అట్టు పెనానికి పట్టినట్టు పట్టేస్తది. చూడనీకి డిస్క్ ఒంగినట్టే అనిపిస్తది, నిజానికి ఒంగదు, పొర పట్టిందంతే. ఈ పొర మీదికి కొత్త ప్యాడ్లు ఏస్తే అవి కూడ అదే జాగల మళ్ల పొర పెడుతయి. ఉట్టి ప్యాడ్లు మార్చుకున్నోళ్లు తిరిగి నా దుకాణానికి వచ్చేది ఇందుకే.

చూసుకునే తీరు కష్టమేం కాదు. మెయిన్ స్టాండ్ ఏసి, ఎనక ఎవలినన్న కూసుండబెట్టి, ముందు చక్రం చేతితోటి తిప్పు. ప్యాడ్ ఒరుసుకునే సప్పుడు ఆగి ఆగి ఒక్కటే జాగల వస్తున్నదా ఇను. చక్రాన్ని పక్కకు పట్టి ఊపు, కదిలితే బేరింగ్ పోయినట్టు. స్టాండ్ తీసి, ముందు బ్రేకు పట్టి బండిని ముందుకు ఎనకకు నూకు. హ్యాండిల్ కాడ టక్కుమంటే కోన్ సెట్ లూజు. కోన్ సెట్ లూజుంటే హ్యాండిల్ ఊగుతది గాని లివర్ తన్నది. ఈ తేడా గుర్తుపెట్టుకో, మెకానిక్ రెండింటినీ ఒక్కటే చేసి చెప్తడు. తర్వాత డిస్క్ మీద చూడు: నీలం రంగు మచ్చలున్నయా, ప్యాడ్ ఆకారంల నల్లటి అచ్చున్నదా.

డిస్క్ మీద దాని కనీస మందం కొట్టి ఉంటది. కొత్తగ 4 మిల్లీమీటర్లుండే డిస్క్ చాన బండ్లకు 3.5కు వస్తే తీసెయ్యాలె. మైక్రోమీటర్‌తోటి చుట్టూత ఏడెనిమిది జాగలల్ల చూడాలె. వెర్నియర్ పనికి రాదు, అరిగిన డిస్క్ అంచుకు గట్టు ఉంటది, వెర్నియర్ ఆ గట్టునే కొలుస్తది. ఒంపు చూడనీకి డయల్ గేజ్ పెట్టాలె, కంపెనీని బట్టి 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల దాక ఒప్పుకుంటరు. లేత్ మీద పట్టిచ్చి సాపు చేస్తమని చెప్పేటోళ్లు ఉంటరు. వద్దు. మొత్తం అరగనీకి ఉన్నదే అర మిల్లీమీటరు, అందుల లేత్ తినేదెంత, నీకు మిగిలేదెంత? సుత్తెతోటి సరి చేస్తమన్నోని దుకాణం మెట్లే ఎక్కకు.

మందం మంచిగుండి పొర ఒక్కటే ఉంటే, సన్న ఎమరీ కాయితంతోటి రెండు దిక్కులా గుండ్రంగ రుద్ది, బ్రేక్ క్లీనర్‌తోటి తుడిస్తే సగం రోగం పోతది. డిస్క్ ఇప్పినప్పుడు హబ్ మీద అది కూసునే జాగ కూడ గీకాలె. అక్కడ రేణువంత తుప్పు మిగిలినా అంచుకు వచ్చేసరికి పెద్ద ఒంపైతది. బోల్టులు ఎదురెదురుగ బిగియ్యాలె, ఒక దిక్కు నుంచి వరుసగ కాదు.

ఇప్పుడు నీ మూడు ఫొటోలు. మొదటిది, పేరు సక్కగ లేని డబ్బాది, దాన్ని ఇడిచిపెట్టు. అగ్గువకు వస్తదని చాన మంది అడుగుతరు. అసుంటి వాటిల్ల మసాలా ఇనుప రేకుకు సరిగ అతకదు, వేడికి ఊడివచ్చిన సందర్భాలుంటయి. కొందరు గట్టిగున్న ప్యాడ్ ఎక్కువ రోజులొస్తదని గోటితోటి గీరి చూసి మెచ్చుకుంటరు. ఆ గట్టిదనం డిస్క్‌ను తింటది. ప్యాడ్ల ఖర్చు వందలల్ల పోతది, డిస్క్‌ది వేలల్ల.

మూడోది, ఎర్ర డబ్బాది, సింటర్డ్. లోహపు పొడిని వేడితోటి అదిమి చేసింది. దాని మీద హెచ్‌హెచ్ అని ఉన్నది చూసే నువ్వు మురిసినవ్. ఆ రెండు అక్షరాలు పట్టు చెప్తయి, మొదటిది మామూలు వేడిల, రెండోది ఎక్కువ వేడిల. ఎఫ్ అంటే రాపిడి గుణకం 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55, హెచ్ అంటే 0.55 పైన. అక్షరం పెద్దదైతే బండి మంచిగ ఆగుతదని కాదు. నీ బండి డిస్క్, మాస్టర్ సిలిండర్, టైరు ఒక లెక్క మీద చేసినయి. పట్టు ఒక్కసారి పెరిగితే తడి రోడ్డు మీద, ఆ సన్న టైరుతోటి, నీ చెయ్యి ఇంకా అలవాటు పడకముందే చక్రం బిగుసుకుంటది. సింటర్డ్‌కు తగ్గట్టు చేసిన డిస్క్ కాకపోతే అది జల్దీ అరుగుతది కూడ. పెద్ద బండ్లకు, రోజూ ఘాట్ రోడ్లు ఎక్కి దిగేటోళ్లకు అది సరే. సిరిసిల్ల, మెట్‌పల్లి నడుమ తిరిగే నీకెందుకు?

నడిమిది కంపెనీ ప్యాడ్. అదే తీసుకో, డిస్క్ పని అయినంక. బండి మోడల్, సంవత్సరం చెప్పి పార్ట్ నంబర్ కలుపుకో. ఏబీఎస్ ఉన్నదానికీ లేనిదానికీ క్యాలిపర్ వేరే ఉండచ్చు. డబ్బా మీద హోలోగ్రామ్, ఎంఆర్‌పీ చూడు, డబ్బాలు కూడ డూప్లికేట్ వస్తున్నయి. రెండు ప్యాడ్లు జతగ మార్చాలె, ఒక్కటి మంచిగుంది కదా అని ఆపకు.

ఏసేటప్పుడు నువ్వు పక్కన నిలవడు. పిన్నులు తీసి తుడిచి, బ్రేక్ గ్రీజు పెట్టాలె, మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బుతది. నోటితోటి దుమ్ము ఊదనియ్యకు, పాత ప్యాడ్లల్ల ఏమున్నదో ఎవనికి ఎరుక, తడి బట్టతోటి తుడవమను. పిస్టన్ ఎనకకు నూకినప్పుడు పైన డబ్బాల ఆయిల్ పొంగుతది, ట్యాంకు మీద పడితే రంగు లేస్తది. అన్నిటికన్న ముఖ్యం, బండి కదిలే ముందు లివర్ గట్టిపడే దాక పంపు కొట్టు. పిస్టన్ ఎనకకు పోయి ఉంటది కాబట్టి మొదటి పట్టుకు బ్రేకే ఉండది. దుకాణం ముందటనే పోయి గోడకు గుద్దినోళ్లున్నరు.

తర్వాత పొద్దుగాల రోడ్డు ఖాళీ ఉన్నప్పుడు 50 స్పీడు నుంచి 10కి, మొత్తానికి ఆగకుంట, ఓ పది పన్నెండు సార్లు నింపాదిగ తగ్గియ్. నడుమ నడుమ చల్లారనియ్. మసాలా డిస్క్ మీద సమంగ పరుచుకుంటది. అది అయిన ఎంబడే బండికి నీళ్లు కొట్టియ్యకు.

డిస్క్ మార్చాలో, రుద్దితే సరిపోతదో ఇక్కడ కూసోని నేను చెప్పలేను. మైక్రోమీటర్ నా దుకాణంలనే ఉన్నది. ఆదివారం ఇంటికి వస్తవ్ కదా, బస్సుల కాకుంట బండి మీదనే రా, రెండు బ్రేకులు పట్టుకుంటనే మెల్లగ రా. తన్నుడు చేతికి ఇబ్బంది గాని, ఆ బ్రేకు ఇంకా ఆపుతున్నదని నువ్వే చెప్పినవ్. లివర్ మెత్తగ లోపలికి పోతే మాత్రం కదలకు, నాకు ఫోన్ చెయ్, ఆటో ట్రాలీ మాట్లాడుదాం. అక్కడ ఎవరన్న ప్యాడ్లు ఇప్పితే పాతయి పారెయ్యకుంట సంచిల ఏసుకో. లోపలిది ఎక్కువ అరిగిందా, బయటిది ఎక్కువ అరిగిందా చూస్తే పిన్నుల సంగతి నాకు తెలిసిపోతది.

ఇట్లు,
నీ మామ,
మెట్‌పల్లి.