పాసైనా మళ్ళీ రాయాల్సిన పరీక్ష

సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టు పాసైతే మళ్ళీ దాని జోలికి వెళ్ళం. పాసైనా మళ్ళీ రాయాల్సిన పరీక్ష ఒకటుందని ఈ వేసవిలో మా ఊరు ఉంగుటూరులో తెలిసింది.

మా అక్క కొడుక్కి ఏడాదిన్నర. పుట్టినప్పుడు చెవుల పరీక్షలో పాసయ్యాడు. మేలో ఒకరోజు మామిడికాయల లోడు లారీ మా గుమ్మం ముందు హారన్ కొట్టింది. అరుగు మీద కునుకు తీస్తున్న నేను ఉలిక్కిపడి లేచాను. వీధికి వీపు పెట్టి కూర్చున్న వాడు మాత్రం టెంక చీకుతూనే ఉన్నాడు. "మగపిల్లలకి మాటలు ఆలస్యమేలే" అంది అమ్మ. అక్క ఆ రాత్రి నిద్రపోలేదు.

పరీక్షలు చేయిస్తే రెండు చెవుల్లోనూ వినికిడి తగ్గిందని తేలింది. ఉండగల కారణాల్లో డాక్టరుగారు ఒక పేరు చెప్పారు: సైటోమెగాలోవైరస్, పొట్టిగా సీఎంవీ.

మన దేశంలో పెద్దవాళ్ళలో చాలామందికి ఇది ఎప్పుడో సోకి, ఒంట్లో నిద్రాణంగా ఉంటుంది. గర్భిణికి కొత్తగా సోకినా, పాతది తిరగబెట్టినా కడుపులో బిడ్డకి చేరవచ్చు. అలా సోకిన పదిమంది పిల్లల్లో సుమారు ఒకరికే పుట్టగానే లక్షణాలు కనిపిస్తాయి: కామెర్లు, ఒంటిమీద మచ్చలు, చిన్న తల. వీళ్ళకి ఫిట్స్, చూపు సమస్యలు, ఎదుగుదల లోపాలు రావచ్చు. మిగతావాళ్ళు ఆరోగ్యంగానే కనిపిస్తారు. కానీ వాళ్ళలోనూ నూటికి 10–15 మందికి వినికిడి తగ్గుతుంది, కొందరికి నెలలు, ఏళ్ళు గడిచాక.

మరి పుట్టినప్పుడు ఎలా పాసయ్యాడు? ఆ పరీక్షలో చిన్న స్పీకరు, మైకు ఉన్న ప్రోబ్ చెవిలో పెడతారు. శబ్దం పంపితే లోపలి చెవిలోని కణాలు సన్నటి ప్రతిధ్వని వెనక్కి పంపుతాయి. మైకుకి అది అందితే పాస్. అది ఆ రోజు రీడింగ్ మాత్రమే. ఒక్క సెన్సర్ రీడింగ్ చూసి మిషన్‌కి జీవితకాలం గ్యారంటీ ఇస్తామా?

ఇంకో చిక్కుంది. పుట్టిన 21 రోజుల్లోపు మూత్రంలోనో లాలాజలంలోనో పీసీఆర్ చేస్తేనే వైరస్ పుట్టుకతో వచ్చిందని గట్టిగా చెప్పగలరు. ఆ తర్వాత దొరికితే, పుట్టాక సోకిందేమో అన్న అనుమానం మిగులుతుంది. అందుకే మావాడి విషయంలో డాక్టరుగారు "కావచ్చు" దగ్గరే ఆగారు.

"కడుపుతో ఉన్నప్పుడు నేనేం తప్పు చేశానురా?" అంది అక్క. ఏ తప్పూ లేదక్కా. ఇంతమందిలో ఉండే వైరస్‌కి తల్లిని దోషిని చేస్తే ఎలా?

చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. టీకా ఇంకా లేదు కాబట్టి గర్భిణులు చంటిపిల్లల చొంగ తుడిచాక, డైపరు మార్చాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పిల్లల ఎంగిలి తినకూడదు. లక్షణాలు బాగా కనిపించే పసివాళ్ళకి మొదటి నెలలోనే మొదలుపెట్టి 6 నెలలు వాల్‌గాన్‌సైక్లోవిర్ ఇస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఉచితంగా చూసే సమస్యల్లో పుట్టుచెవుడు కూడా ఉంది.

మావాడికి ఇప్పుడు హియరింగ్ ఎయిడ్స్ పెట్టారు. నిన్న వీడియోకాల్‌లో అక్క వెనకనుంచి పిలిస్తే తల తిప్పాడు. మీ ఇంట్లోనూ పిలిస్తే పలకని పసివాళ్ళుంటే, "అప్పుడు పాసయ్యాడుగా" అని ఊరుకోకండి. మళ్ళీ పరీక్ష రాయించండి.