యాకోబు చూచిన బండ్లు

పాఠ్యభాగము: ఆదికాండము 45:16–28, 46:1–7, 28–30, 2 సమూయేలు 19:31–39



ఈ మాసపు పాఠములో యాకోబు వృద్ధాప్యమునకు సంబంధించిన ఒక చిన్న సంగతిని మనము నిదానముగా చూతము. ఐగుప్తునుండి తిరిగివచ్చిన కుమారులు, యోసేపు బ్రదికియున్నాడని చెప్పినప్పుడు ఆ ముసలి తండ్రి నమ్మలేదు. యోసేపు అమ్మబడిన నాటికి 17 ఏండ్లవాడు. ఫరో యెదుట నిలిచిన నాటికి 30 ఏండ్లవాడు. అటుతరువాత సమృద్ధి 7 ఏండ్లు, కరవు 2 ఏండ్లు. కూడి చూచినచో 22 సంవత్సరముల దుఃఖము. అది నోటిమాటకు కరగునా? పైగా ఆ మాట చెప్పినవారు ఒకప్పుడు రక్తములో ముంచిన అంగీ తెచ్చి చూపినవారే.

యోసేపు పంపిన కానుకలు తక్కువవి కావు. పది గాడిదలమీద ఐగుప్తులోని మంచి వస్తువులు, పది ఆడు గాడిదలమీద ధాన్యము, దారి బత్తెము వచ్చినవి. కాని ఆ గాడిదలను చూచి యాకోబు లేచి కూర్చుండెనని వ్రాయబడలేదు. తన్ను ఎక్కించుకొని పోవుటకు వచ్చిన బండ్లు కంటబడినప్పుడే ఆయనలో జీవము తిరిగి వచ్చెను. కరవు దినములలో ధాన్యమును విడిచి బండ్లను చూచినవాడు వెఱ్ఱివాడు కాడు. ధాన్యము ఎవరైన పంపవచ్చును. బండి వచ్చినదనగా, నీవు కావలెనని ఒకరు తలంచిరన్నమాట.

ఇప్పుడు మన ఊరి సంగతికి వత్తము. తాటిపాక, రాజోలు, అమలాపురము ప్రాంతములనుండి ఎందరో కుమారులును కుమార్తెలును కువైటు, కతారు, దుబాయి, మస్కటు వెళ్ళి పనిచేయుచున్నారు. వారు పంపిన సొమ్ముతో అప్పులు తీరినవి, పెంకుటిండ్లు డాబాలైనవి, చెల్లెండ్ల పెండ్లిండ్లు జరిగినవి. ఇది యోసేపు గాడిదల బరువువంటిది, మేలైనదే. అయినను ఆ తల్లిదండ్రులలో కొందరు డాబాలో ఒంటరిగాను, కొందరు వృద్ధాశ్రమములోను కూర్చుండి గేటు తట్టు చూచుచున్నారు. ఫోనులో ముఖము కనబడును, మాట వినబడును. యాకోబునకు మాట చాలలేదే! 2007 సంవత్సరములో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టమునుబట్టి పిల్లలనుండి పోషణ కోరుటకు పెద్దలకు హక్కు కలదు. అన్నమును మందులను చట్టముచేత రాబట్టవచ్చును. వచ్చి ప్రక్కన కూర్చుండుటను ఏ చట్టము రాబట్టును?

ఇంగ్లండు, అమెరికా దేశములలో పాతకాలపు కార్లను ప్రేమతో కాపాడుకొనువారి సంఘములు కలవు. ఆ సభ్యులు కొన్ని దినములలో తమ కార్లను తుడిచి, మెరుగుపెట్టి, వృద్ధుల శరణాలయముల ఆవరణములోనికి తోలుకొని వత్తురు. నడువలేనివారిని చక్రముల కుర్చీలలో వెలుపలికి తెత్తురు. తలుపులు తెరచి లోపల కూర్చుండనిత్తురు. వినగానే ఇది కలవారి వేడుకగా తోచవచ్చును. మన దేశములోను పాత కార్ల ఊరేగింపులు క్రొత్తవి కావు. ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రికవారి పోటీ 1964లోనే మొదలైనది. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదములో నిజాముల పసుపుపచ్చని రోల్సు రాయిసు కారును నేటికిని జనులు వెళ్ళి చూచుచున్నారు. కాని ఊరేగింపునకును ప్రాసాదమునకును కాళ్ళున్నవారు వెళ్ళుదురు. ఇక్కడ కారే ముసలివారియొద్దకు వచ్చుచున్నది. భేదమంతయు ఇందులోనే యున్నది.

దీనివలన ఏమి మేలని అడుగుదుమా? పెద్దలు పాత సంగతులు చెప్పుచుండిన, చాదస్తమని మనము తప్పించుకొని పోవుచుందుము. రాబర్టు బట్లరు అను అమెరికా మానసిక వైద్యుడు 1963లో ఒక వ్యాసము వ్రాసి, వృద్ధులు గతమును తలపోయుట మతి తప్పుటకు గుర్తు కాదనియు, తాము బ్రదికిన బ్రదుకును సరిచూచుకొను సహజమైన పని యనియు వివరించెను. వృద్ధాప్యములో అన్నిటికంటె స్పష్టముగా నిలుచునవి సుమారు 10 ఏండ్లు మొదలు 30 ఏండ్లలోపు జరిగిన సంగతులని తరువాతి పరిశోధకులు కనుగొనిరి. 1945 ప్రాంతమున పుట్టినవారికి ఆ కాలము 1955 మొదలు 1975 వరకు వచ్చును. అదే మన రోడ్లమీద అంబాసిడరు కారు తిరుగ నారంభించిన కాలము. ఇంగ్లండులోని మోరిసు ఆక్స్‌ఫర్డు కారు నమూనాను తీసికొని బెంగాలులోని ఉత్తరపాడ కర్మాగారములో 1950ల చివర చేయ మొదలుపెట్టి, 2014 వరకు చేసిరి. దానితోపాటు బొంబాయిలో తయారైన ఫియెటు, మహీంద్రావారి జీపు. అంబాసిడరు కారులో ముందు సీటు బల్లవలె ఒక్కటే. గేరు కర్ర స్టీరింగు ప్రక్కనే యుండును. బ్యాటరీ దిగిపోయినయెడల ముందర హ్యాండిలు పెట్టి త్రిప్పవలెను. మాట మరచినవారి చేయి కూడ ఆ హ్యాండిలును గుర్తుపట్టవచ్చును. చూపు పోయినవారికి వేడెక్కిన రెక్సిను సీటు వాసన, పెట్రోలు వాసన, హారను మ్రోత ఉండనే యున్నవి.

అయితే ఆ దేశముల పద్ధతిని ఉన్నదున్నట్లు మన కోనసీమకు తెచ్చినచో కుదరదు. అక్కడి వృద్ధులలో అనేకులు ఒకప్పుడు సొంత కారు నడిపినవారు. మన పెద్దలలో అట్టివారెందరు? ఆ దినములలో కారనగా భూస్వామిది, లేదా డాక్టరుగారిది, లేదా బాడుగది. మిగిలినవారు కాలువ గట్టున చెప్పులు లేక నడిచిరి, సైకిలు త్రొక్కిరి, ఎడ్లబండి తోలిరి. గోదావరి పాయలమీద వంతెనలు రాకమునుపు పడవలోను, లాంచీలోను, పంటుమీదను ఏరు దాటిరి. కారును వెలుపలనుండియే ఎరిగిరి. వాన బురదలో దిగబడినప్పుడు వెనుకనుండి తోసినవాడొకడు. తెల్లవారకముందు లేచి దానిని కడిగినవాడొకడు. నొప్పులు పడుచున్న కోడలిని అమలాపురము ఆసుపత్రికి చేర్చుటకు ఎవరి కారునైన ఇమ్మని బ్రతిమాలిన అత్తగారొకతె. గట్టు దిగి ప్రక్కన నిలువబడి, కారు పోవువరకు దారి ఇచ్చి, ఆ ధూళి తలమీద పడించుకొన్న కూలి తల్లులు మన సంఘములలో ఎందరో కలరు.

కావున పాత కారు వచ్చి వసారా ముందర నిలిచినప్పుడు అందరి ముఖములును వెలుగునని తలంచరాదు. ధూళి జ్ఞాపకము వచ్చినవారిని ధూళి గూర్చియే చెప్పనియ్యవలెను. వారిని నవ్వింపవలెనని తొందరపడి మాట మరల్చుట వారిని రెండవసారి గట్టు దింపుటయే. ఆనాడు ఎట్టి కారునకు దారి ఇచ్చెనో అట్టి కారులోనే ఒక అమ్మ నేడు ముందు సీటున కూర్చుండి, తలుపు మరియొకరు తీయగా దిగుట చిన్న సంగతి కాదు. దానిని ఫోటో తీయుటకు ఎగబడకుండిన మరింత మంచిది.

కారే కావలెనని కూడ లేదు. ముందుగా వెళ్ళి, ఎవరు ఏ పని చేసిరో అడిగి తెలిసికొనవలెను. బండి తోలినవానికి గంటల పట్టెడ కట్టిన ఎద్దు కారుకంటె ఎక్కువ మాటలాడించును. సరంగు పని చేసినవానిని, ఆరోగ్యము ఒప్పినయెడల, సఖినేటిపల్లి రేవునకు తీసికొనిపోయి నరసాపురము పంటు వచ్చుట చూపవచ్చును. బస్సు డ్రైవరుగా నున్నవారికి ఇంజను చప్పుడు వినిపించి, ఏమైన లోపమున్నదా అని అడుగుడి. ఆయన చెప్పునది శ్రద్ధగా వినుడి, నిజముగా లోపముండవచ్చును.

తీసికొని వెళ్ళువారికి కొన్ని మాటలు. 50 ఏండ్లు దాటిన వాహనములకు 2021లో కేంద్ర ప్రభుత్వము వేరు నిబంధనలు చేసినది. అట్లు నమోదైనవి ప్రదర్శనకును, ఊరేగింపులకును, మరమ్మతు మొదలగువాటికిని రోడ్డుమీద తిరుగవచ్చును గాని నిత్యము బాడుగకు తిరుగకూడదు. పాత కార్లకు సీటు బెల్టులుండవు గనుక ఆవరణములోనే మెల్లగా ఒక చుట్టు త్రిప్పుట చాలును. ఎండ ముదరకమునుపు ఉదయమే వెళ్ళవలెను. చక్రములకు అడ్డు చెక్కలు పెట్టవలెను. పొగ గదులలోనికి పోకుండ ఇంజను ఆపవలెను. హ్యాండిలు ఎదురు కొట్టి మణికట్టు విరుచును గనుక పెద్దలచేత త్రిప్పింపరాదు, పట్టుకొని చూడనిచ్చిన చాలును. ఎక్కించునప్పుడు వీపు సీటు తట్టు త్రిప్పి, మొదట కూర్చుండబెట్టి, తరువాత కాళ్ళు లోపలికి తీయవలెను. "ఇది జ్ఞాపకమున్నదా తాతగారూ?" అని పరీక్ష పెట్టరాదు; లేదని చెప్పవలసివచ్చినవారికి అది సిగ్గు. "ఆ రోజులలో అమలాపురము ఎట్లు వెళ్ళెడివారండీ?" అని అడిగిన, చెప్పగలిగినంత చెప్పుదురు.

రానన్నవారిని బలవంతపెట్టరాదు. 80 ఏండ్ల బర్జిల్లయిని దావీదు రాజు తనతో యెరూషలేమునకు రమ్మని పిలిచెను. రుచియు, పాటయు తనకు తెలియుటలేదనియు, తన ఊరిలో తలిదండ్రుల సమాధియొద్దనే చనిపోయెదననియు ఆయన చెప్పి, కింహామును చూపి వీనిని తీసికొనిపొమ్మనెను. రాజు కోపపడలేదు; ముద్దుపెట్టుకొని దీవించి పంపెను. మంచము దిగనన్న అవ్వ ప్రక్కన కూర్చుండుటయు ఆ దినపు పనిలోనిదే. ఆమె బదులుగా మనుమరాలినైనను, అన్నము వడ్డించు పనిపిల్లనైనను కారెక్కించి చూపుమని ఆమె కోరవచ్చును.

బండ్లు పంపి యోసేపు ఊరకుండలేదు. తండ్రి గోషెనునకు చేరినప్పుడు తానే రథము సిద్ధపరచుకొని ఎదురువెళ్ళి, మెడమీద పడి చాలసేపు ఏడ్చెను. యాకోబు అటుతరువాత 17 సంవత్సరములు ఐగుప్తులో బ్రదికెను. కుమారుడు దూరము కాకమునుపు తండ్రియొద్ద నున్నదియు 17 సంవత్సరములే.

డిసెంబరు మాసములో చాలమంది సెలవుమీద వత్తురు. వారును, పాత వాహనములు గలవారును ముందుగా ఆశ్రమపు నిర్వాహకులతో మాటలాడి, దినమును గంటను పెద్దలకు తెలియజేసి, ఆ గంటకే వెళ్ళవలెను. ఆ ఉదయము కారు కదలకపోయినచో బస్సెక్కియైనను వెళ్ళవలెను. వారు అప్పటికే తల దువ్వుకొని, ఉతికిన బట్టలు కట్టుకొని, వసారాలో కూర్చుండియుందురు.