ఊరు పేరు తెలియని పెరటి గులాబి

రామగిరి కొండ ఓషధులకు ప్రసిద్ధి. కాని కొండ క్రింది పల్లెలవారును, గనుల కాలనీలవారును తమ పెరటి గులాబిని గూర్చి అంతగా తలపరు. నడుమెత్తు మించక గుబురుగా పెరిగి, రేకులు క్రిక్కిరిసిన వాసనగల పూలు పూయు పాతకాలపు గులాబిని మనవారు నాటు గులాబి యనియు, పన్నీరు గులాబి యనియు పిలుతురు. అది ఎచ్చటి నుండి వచ్చినదో చెప్పగలవారు అరుదు. ఒక పెరటి నుండి మరియొక పెరటికి కొమ్మగా నడచి వచ్చిన మొక్క అది.

పన్నీరు గులాబి యన్న పేరు ఒక్క మొక్కది కాదు. కొన్ని చోట్ల డమాస్కసు గులాబిని, కొన్ని చోట్ల ఎడ్వర్డు గులాబిని అట్లు పిలుతురు. డమాస్కసు గులాబి మూడు జాతుల కలయిక వలన పుట్టినదని జపాను శాస్త్రజ్ఞులు 2000 సంవత్సరమున జన్యుపరీక్ష వలన తెలిపిరి. ఎడ్వర్డు గులాబి హిందూ మహాసముద్రమందలి బూర్బన్ దీవిలో, అనగా నేటి రీయూనియన్‌లో, కంచె గులాబీల నడుమ తనంత తాను పుట్టినదని చెప్పుదురు.

ఈ భేదము కత్తిరింపునకు ముఖ్యము. డమాస్కసు రకములలో పెక్కు ఏటికొకమారు, పాత కొమ్మల మీదనే పూయును. ఎడ్వర్డు వంటివి కొత్త చిగుళ్ళ మీద పలుమారులు పూయును. మొదటిదానిని కార్తికమున కత్తిరించినచో ఆ యేటి పూవులన్నియు పోయినట్లే. కావున జాతి తెలియని మొక్కను ఒక ఏడాది ఊరక చూడవలెను. ఒక్కమారే పూసినచో పూత ముగిసిన పిమ్మటను, పలుమారులు పూసినచో వానలు వెనుకబడిన పిమ్మటను కత్తిరింపవచ్చును. ఎండుకొమ్మలను మాత్రము ఎప్పుడైనను తీసివేయవచ్చును.

ఉపరితల గనుల కొరకు ఊళ్ళు కదలుచున్న ప్రాంతమిది. ఉద్యోగ విరమణ చేసినవారు క్వార్టర్లు విడిచి పోవుదురు. పెరటి గులాబికి ఎవరైన వెల కట్టినను, ఆ సొమ్ముతో దానిని మరల కొనలేము; నర్సరీలలో సాధారణముగా దొరకునవి అంటుకట్టిన హైబ్రిడ్ రకములు. గింజ నాటిన తల్లి మొక్కయే రాదు. ముదిరిన మొక్కను పెల్లగించి కొనిపోయినచో బ్రతుకుట సందేహమే. కొమ్మ నాటుటయే మార్గము, అదియు ఇల్లు విడుచుటకు ఒక ఏడాది ముందుగా.

వానాకాలమున పూసి రాలిన కొమ్మను, పెన్సిలు లావుది, జానెడు పొడవున కోయవలెను. అడుగు కోత కణుపునకు సరిగా క్రింద ఏటవాలుగా నుండవలెను. పై రెండాకులు తప్ప తక్కినవి త్రుంచి, ఇసుక కలిపిన చెలక మట్టిలో సగము వరకు నాటి, నీడనుంచి, తడి ఆరనీయరాదు. ఇంచుమించు నలుబది దినములకు వేళ్ళు పట్టును. చిగురు కనబడగనే లాగి చూచు తొందర మనలో చాలమందికి గలదు. దానివలననే సగము కొమ్మలు చచ్చును. పదింటిలో నాలుగు నిలిచినను మేలే. వానిలో ఒకదానిని వేరొక ఊరి బంధువుల యింట నాటించుట మంచిది.

అంటు మొక్క పైభాగము ఎండినచో క్రింది నుండి వచ్చునది వేరుమొక్క చిగురే. స్వంత వేళ్ళ మీది మొక్క మొదలంట ఎండినను, వేరు బ్రతికియున్నచో మరల ఆ గులాబియే లేచును. 45 డిగ్రీలు దాటు ఎండలు గల రామగుండము వైపున ఇది చిన్న లాభము కాదు.

మూరెడు లోతు గుంట తీసి, చివికిన పశువుల ఎరువు కలిపి నాటవలెను. రేగడి నేలయైనచో నీరు నిలువకుండ మట్టిని ఎత్తుచేయవలెను. వేసవిలో మొదట ఎండుటాకులు పరచి, సాయంకాలము మొదటికే నీరు పోయవలెను. ఆకుల మీది బొగ్గు దుమ్మును మాత్రము ఉదయముననే కడుగవలెను. రాత్రి తడిసియున్న ఆకునకు నల్లమచ్చ తెగులు త్వరగా పట్టును.