రోహిణి చెంత పసి నక్షత్రము

కార్తీకమున ధర్మపురి గోదావరిలో దీపము విడిచి, రాత్రి భోజనవేళ దాటినపిమ్మట తూర్పునకు చూచినచో కృత్తికల దిగువన ఎర్రని రోహిణి కనబడును. ఆ దిక్కుననే, రోహిణికన్న ఎంతో ఆవల, సుమారు 450 కాంతి సంవత్సరముల దూరమున, కంటికి కానరాని హెచ్.ఎల్. టౌరి అను పసి నక్షత్రము కలదు. 2014లో చిలీ దేశమందలి ఆల్మా రేడియో దూరదర్శినులు దాని చుట్టును తిరుగు ధూళివాయువుల చక్రమును, అందలి నల్లని వలయములను చూపినవి. అవి గ్రహములు పుట్టుచున్న తావులు కావచ్చునట.

చక్రమందలి వాయువు తన సుడివేగమును కోల్పోనిదే నక్షత్రముపై పడజాలదు. కొంత వాయువు ఆ వేగమును మోసికొని ఇరు ధ్రువముల దెసలకు ధారలై వెడలిపోవును. అప్పుడే తక్కినది లోనికి చేరును.

"ఇది మన పురాణములలో ఉన్నది కదా, పంతులుగారూ?" అని ఒక యాత్రికుడు అడిగెను. లేదంటిని. ఆయన ముఖము చిన్నబోయినది. లేనిదానిని ఉన్నదనుట మా గురువులు నాకు నేర్పలేదు. రోహిణి ఎక్కడనో మాత్రము మెట్లపై నిలిచి చూపితిని.