ఎడ్మంటన్ చలిలో కారు ఇంజన్ వేడెక్కాలంటే

ఈ ఏడాదీ అదే చూస్తున్నాను. కొత్తగా వచ్చిన పిల్లలు పొద్దున్నే కారు స్టార్ట్ చేసి లోపలికెళ్లి, తీరిగ్గా టీ తాగి, ఇరవై నిమిషాలకు బయటికొస్తున్నారు. మేమూ వచ్చిన కొత్తలో ఇదే చేశాం. మాకు చెప్పే దిక్కు లేదు. మీకు చెప్తుంటే ఎందుకు వినరు?

ముందు చిన్న జాగ్రత్తలు చెప్పేస్తాను. వింటర్ టైర్లు మంచు పడకముందే వేయించండి. బ్యాటరీ పాతదైతే మార్చేయండి. ఆయిల్ మాన్యువల్‌లో ఏది రాసుంటే అదే పోయించండి. చిన్న చిన్న పనులన్నీ ఒకే తిరుగుడులో చూసుకుంటే, ఒకసారి వేడెక్కిన ఇంజన్ అన్నిటికీ పనికొస్తుంది.

అసలు సంగతి ఇది. కారు కదలకపోతే ఇంజన్ మీద బరువు పడదు, బరువు పడకపోతే అది త్వరగా వేడెక్కదు. పైగా చల్లగా ఉన్నంతసేపూ పెట్రోలు ఎక్కువ తాగుతుంది. గేర్‌బాక్సు, బేరింగులు, టైర్లు అయితే చక్రం తిరిగితేనే వేడెక్కుతాయి. అద్దాలన్నీ శుభ్రంగా గీకి, అర నిమిషమో నిమిషమో ఆగి, మైనస్ 30లో అయితే రెండు మూడు నిమిషాలు ఆగి, నెమ్మదిగా బయల్దేరండి. మొదటి నాలుగైదు కిలోమీటర్లు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకండి. లోపలి హీటర్‌కు వేడి వచ్చేది ఇంజన్ నీళ్లలోంచే. అద్దం మీద మంచు కరగడానికి కావలసినంత వాడుకుని, ఇంజన్ వేడి చూపే సూది కాస్త పైకి లేచాక ఫ్యాను పెంచండి.

కారును నిలబెట్టి ఇంజన్ వేడి చేసే ఈ అలవాటు మనకు ఎక్కడిదో నాకు తెలుసు. ధనుర్మాసం తెల్లవారుజామున మా నాన్న అంబాసిడర్ చోక్ లాగి, ఇంజన్ గొణుగుడు తగ్గేదాకా పక్కనే నిలబడేవారు. అమ్మ వాకిట్లో ముగ్గు పెడుతుండేది. కార్బ్యురేటర్ బండికి ఆ ఓపిక అవసరమే. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్‌కు ఎంత పెట్రోలు కావాలో కంప్యూటరే చూసుకుంటుంది. నాన్న పద్ధతి నాన్న బండికి సరైనది. ఇక్కడ భోగి రోజున మంట లేదు, పిడకల దండ లేదు, ఆ చోక్ చప్పుడూ లేదు. గుర్తొచ్చినప్పుడల్లా దిగులే. కానీ దిగులుకని పెట్రోలు తగలెయ్యకండి.

ఇక్కడి కార్లకు ముందు గ్రిల్లులోంచి ప్లగ్గు వైరు వేలాడుతుంది చూశారా? అదే బ్లాక్ హీటర్. ఇంజన్‌లోని నీళ్లను కరెంటుతో వేడి చేస్తుంది. బయల్దేరడానికి రెండు గంటల ముందు ఆన్ అయితే చాలు, రాత్రంతా పెట్టడం దండగ. బయట వాడే టైమర్ కొనుక్కోండి. మైనస్ 20 దగ్గర దీనివల్ల ఇంధనం 10 శాతం దాకా ఆదా కావచ్చని కెనడా సహజ వనరుల శాఖ చెబుతుంది.

ఇక గరాజ్. దయచేసి ఇది రెండుసార్లు చదవండి. మా మొదటి అద్దె ఇంట్లో నా గది గరాజ్ పైన ఉండేది. ఒక జనవరి ఉదయం మాతో ఉండే కుర్రాడు షట్టరు పూర్తిగా ఎత్తి, కారు స్టార్ట్ చేసి, వంటింట్లోకి వచ్చాడు. షట్టరు తెరిచే ఉంది కదా అని అతని ధీమా. నాకు తలనొప్పితో మెలకువ వచ్చింది, ఆ వెంటనే వాంతి. జ్వరమేమో అనుకుని మళ్లీ పడుకున్నాను. రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చిన ఇంకో స్నేహితుడు నన్ను లేపితే కాళ్లు నిలవలేదు. అతనే కారు ఆపి, నన్ను బయటికి ఈడ్చుకొచ్చి, 911కు ఫోన్ చేశాడు. ఫైర్ సిబ్బంది మీటరు పెట్టి చూసి, కార్బన్ మోనాక్సైడ్ అన్నారు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాడికి తెలియనే తెలియదు. అతను ఇంకో గంట ఆలస్యంగా వచ్చి ఉంటే, మా ఊరికి ఏ కబురు వెళ్లేదో ఈరోజుకీ ఆలోచించలేను.

షట్టరు తెరిచినా సరే, గరాజ్‌లో ఇంజన్ ఆన్‌లో ఉంచొద్దు. రిమోట్ స్టార్ట్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త, జేబులో బటన్ పొరపాటున నొక్కినా ఇదే ప్రమాదం. స్టార్ట్ చేసిన వెంటనే బయటికి తీయండి. ఆరుబయట మంచులో ఉన్న కారైతే, ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తవ్వి తీశాకే తాళం తిప్పండి. మీ ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో ఈ రాత్రే చూడండి. లేకపోతే రేపే కొని, పడకగది దగ్గర పెట్టుకోండి.